మెక్సికో స్త్రీలు: ఉద్యోగము, గృహము, వృద్ధసేవ

ఒక దేశమున ఎందరు స్త్రీలు జీతమునకు పనిచేయుచున్నారో తెలిసికొనుట కష్టము కాదు. జనాభా లెక్కలు ఆ సంగతిని చెప్పును. కాని వారు పనికి వెడలిన సమయమున ఇంటనున్న పసిబిడ్డను, మంచము పట్టిన ముదుసలితల్లిని ఎవరు కనిపెట్టి యుందురను ప్రశ్నకు ఆ లెక్కలలో సమాధానము దొరకదు. ఇది గృహకృత్యమనియు, లెక్కకు రాని పని యనియు లోకము చాలకాలము తలంచినది. ఈ రెండవ ప్రశ్నను ప్రభుత్వమే అడిగి, ఇంటింటికి మనుష్యులను పంపి, గంటలతో సహా లెక్కగట్టి ప్రకటించిన దేశములలో మెక్సికో ఒకటి. అందుచేత అక్కడి స్త్రీల స్థితి ఊహలతో గాక ప్రమాణములతో పరిశీలించుటకు వీలైనది.

మెక్సికో ఉత్తర అమెరికా ఖండమున, అమెరికా సంయుక్త రాష్ట్రములకు దక్షిణముగా నున్న దేశము. 2020 జనాభా లెక్కల ననుసరించి అందలి ప్రజలు 12 కోట్ల 60 లక్షలు. అత్యధికులు స్పానిషు భాష మాట్లాడుదురు. నావాతల్, మాయా, సపోతెక్ మున్నగు ప్రాచీన భాషలును నేటికి సజీవముగా నున్నవి. ప్రజలలో పెక్కురు కాథలిక్కులు. కుటుంబమన్నను, కుటుంబమునకు కేంద్రమైన తల్లి యన్నను అక్కడ గల గౌరవము మిక్కుటము. మే నెల 10వ తేదీన మాతృదినమును దేశమంతయు పండుగగా జరుపుకొనును. అట్టి దేశమున తల్లి చేయు పని యెంత, ఆ తల్లికే వార్ధక్యము వచ్చినపుడు చేయూత యెవరు అను విషయములే ఈ వ్యాసమున విచారింపబడుచున్నవి.

పూర్వపు ఏర్పాటు

మెక్సికో ప్రజల ప్రధానాహారము మొక్కజొన్న. దానిని సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, మరునాడు ఉదయమున రుబ్బి, ఆ ముద్దతో తోర్తియా అను పలుచని రొట్టెలను కాల్తురు. రుబ్బుటకు వాడు రాతికి మెతాతె అని పేరు. అది మన సన్నెకల్లును పోలియుండును. పొత్రము వంటి రాతికడ్డీతో స్త్రీ మోకాళ్లపై కూర్చుండి నూరవలెను. పెద్ద కుటుంబమునకు సరిపడు పిండి తీయుటకు దినమునకు నాలుగైదు గంటలు పట్టెడిది. కోడి కూయకమునుపే ఇంట సన్నెకల్లు చప్పుడు వినవచ్చుట గ్రామజీవనమున నిత్యకృత్యము. బిడ్డల పెంపకము, నీరు మోయుట, బట్టలు నేయుట, వృద్ధుల పరిచర్య అన్నియు ఈ గంటలకు మిగిలిన సమయమున జరుగవలసినవే.

వృద్ధుల విషయమున పూర్వులు ఒక ఏర్పాటు చేసికొనిరి. మధ్య మెక్సికో గ్రామములలో పెద్ద కుమారులు వివాహానంతరము కొంతకాలము తలిదండ్రుల యింటనే యుండి, పిమ్మట సమీపమున వేరు ఇల్లు కట్టుకొనెడివారు. కడగొట్టు కుమారుడు మాత్రము ఇల్లు విడువడు. నావాతల్ పదము నుండి వచ్చిన శొకొయోతె అను పేరుతో అతనిని పిలుతురు. తలిదండ్రుల యిల్లు అతనికే చెందును. వారిని కడవరకు పోషించు బాధ్యతయు అతనిదే. అయితే బాధ్యత కుమారునిదైనను, ఆచరణమున అన్నము పెట్టునది, నీళ్లు పోయునది, రాత్రి మేలుకొని యుండునది అతని భార్య. ఇల్లు కుమారునికి దక్కెను. సేవ కోడలికి దక్కెను.

కుమారులు లేనిచోట, లేక పట్టణములలోని మధ్యతరగతి కుటుంబములలో, ఈ భారము అవివాహితయైన కుమార్తెపై బడెడిది. లౌరా ఎస్కివెల్ 1989లో ప్రకటించిన ప్రసిద్ధ నవలలో, తల్లికి జీవితాంతము సేవ చేయవలెను గావున కడగొట్టు కుమార్తె వివాహమాడరాదను కట్టడియే కథకు మూలము. నవల కల్పితమైనను, పాఠకులకు ఆ కట్టడి వింతగా తోచలేదు. అట్టి ఆడపడుచును పలు కుటుంబములు ఎరుగును.

ఈ ఏర్పాటునకు ఆధారములు రెండు. ఒకటి, సంతానము అధికముగా నుండుట. రెండు, స్త్రీ ఇంటనే యుండుట. ఇరువదవ శతాబ్దమున ఈ రెండు ఆధారములును కదలిపోయినవి.

మార్పు వచ్చిన తీరు

మొదట కదలినది మెతాతె. మొక్కజొన్నను రుబ్బు మరలు 1920 తరువాత గ్రామములకు వ్యాపించినవి. తెపోస్త్లాన్ గ్రామమున మర పెట్టినపుడు పురుషులు అభ్యంతరము చెప్పిరి. మర పిండి రొట్టెకు రుచి లేదనిరి. తీరిక చిక్కిన స్త్రీలు ఊరి ముచ్చట్లలో పడి చెడుదురనిరి. స్త్రీలు మాత్రము మరకే వెళ్ళిరి. తుదకు వారిదే గెలుపైనది. దినమునకు నాలుగు గంటలు మిగిలిన స్త్రీ కోళ్లు పెంచి, పండ్లు అమ్మి, బట్టలు కుట్టి స్వయముగా నాలుగు కాసులు గడింప నారంభించినది. ఇంటి పనిలో ఒక భాగము ఇల్లు దాటి ఊరుమ్మడి పనియైనపుడు స్త్రీకి అవకాశము కలుగునని ఈ చిన్న ఉదాహరణము చెప్పుచున్నది.

తరువాతి మార్పులు వేగముగా వచ్చినవి. 1942 నుండి 1964 వరకు అమెరికా పొలములలో పనిచేయుటకు మెక్సికో పురుషులను ఒప్పందముపై పంపిరి; గ్రామములలో స్త్రీలే సంసారముల నీడ్చిరి. 1953లో స్త్రీలకు సంపూర్ణమైన ఓటుహక్కు లభించినది. 1965లో ఉత్తర సరిహద్దున ఎగుమతి కర్మాగారముల పథకము ప్రారంభమైనది. సియుదాద్ హ్వారెస్ మున్నగు నగరములలో విద్యుత్ పరికరములను కూర్చు ఆ కర్మాగారములు యువతులను వేలకొలదిగా పనిలో చేర్చుకొన్నవి. 1974లో జనాభా చట్టము వచ్చి, ప్రభుత్వమే కుటుంబ నియంత్రణమును ప్రోత్సహించినది. ఆ సంవత్సరముననే స్త్రీ పురుషులు చట్టము ఎదుట సమానులను సూత్రము రాజ్యాంగములోని నాలుగవ అధికరణమున చేరినది. 1975లో ఐక్యరాజ్యసమితివారి ప్రథమ ప్రపంచ మహిళా సమ్మేళనము మెక్సికో నగరముననే జరిగినది.

అయినను పెక్కుమంది స్త్రీలను ఉద్యోగమునకు పంపినది సమానత్వ సిద్ధాంతము కాదు, అవసరము. 1982లో దేశము విదేశీ ఋణములు తీర్చలేని స్థితికి వచ్చినది. నిజ వేతనములు కుంగిపోయినవి. ఒకరి జీతముతో ఇల్లు గడవదయ్యెను. గ్వాదలహారా నగరమున శ్రామిక కుటుంబములను పరిశీలించిన మెర్సెదెస్ గొన్సాలెస్ దె లా రోచా ఈ కాలమును చక్కగా వివరించినది. భార్యలు, పెరిగిన పిల్లలు పనులకు వెళ్ళిరి, బంధువులు ఒక్క కప్పు క్రింద చేరిరి, తిండి తగ్గించుకొనిరి. పేదలు తమ కుటుంబ బలముతోనే కష్టమును దాటుదురని అప్పటివారు ప్రశంసించిరి. కాని 1990 తరువాత అదే పరిశోధకురాలు మరియొక సంగతిని గుర్తించినది. పనులు దొరకుట తగ్గి, ఆ కుటుంబ బలమే తరిగిపోవుచున్నదనియు, పేదవారి ఓర్పు అక్షయపాత్ర కాదనియు ఆమె హెచ్చరించినది. ఈ హెచ్చరిక స్త్రీల శ్రమ విషయమున మరింత సత్యము.

గంటల లెక్క

1970లో పని వయస్సు గల మెక్సికో స్త్రీలలో జీతమునకో, వ్యాపారమునకో పనిచేయువారు నూటికి 20 మందికి లోపు. 2023 నాటికి ఆ సంఖ్య సుమారు 46. పురుషులలో అది 76 మాత్రముండెను. అరశతాబ్దములో ఇది గొప్ప మార్పే. కాని ఈ మార్పు ఇంటి వెలుపల జరిగినంత వేగముగా ఇంటి లోపల జరుగలేదు.

మెక్సికో గణాంక సంస్థ 2002 నుండి కొన్ని సంవత్సరముల కొకమారు కాలవినియోగ సర్వే జరుపుచున్నది. ప్రతి వ్యక్తియు వారములో ఏ పనికి ఎన్ని గంటలు వెచ్చించునో అందులో అడుగుదురు. 2019 సర్వే ప్రకారము వేతనము లేని ఇంటిపనికి, పరిచర్యకు స్త్రీలు వారమునకు సగటున 39.7 గంటలును, పురుషులు 15.2 గంటలును వెచ్చించిరి. 1917 రాజ్యాంగము దినమునకు ఎనిమిది గంటల పనిని, ఆరు దినములకొక విశ్రాంతి దినమును నిర్ణయించినది; అనగా వారమునకు 48 గంటలు. ఆ పరిమితిని 2030 నాటికి క్రమముగా 40 గంటలకు తగ్గింతుమని ప్రభుత్వము 2025లో ప్రకటించినది. గణాంకముల ప్రకారము స్త్రీ ఇంటిలో చేయుచున్న పని ఇంచుమించు ఈ 40 గంటలే. జీతమునకు పనిచేయు స్త్రీ, ఒక ఉద్యోగము ముగించి మరియొక ఉద్యోగమునకు ఇంటికి వచ్చుచున్నదనుట అతిశయోక్తి కాదు.

ఈ పనికి వెల కట్టినచో ఎంతయగును? ఆ లెక్కను కూడ గణాంక సంస్థ యేటేట ప్రకటించుచున్నది. ఇటీవలి సంవత్సరములలో అది దేశీయోత్పత్తిలో ఇంచుమించు నాలుగవ వంతునకు సమానము, 2022లో 24.3 శాతము. కర్మాగారముల ఉత్పత్తి కంటెను, వర్తకము కంటెను ఇది అధికము. ఇందు నూటికి డెబ్బదికి పైగా స్త్రీల కష్టార్జితమే. అయితే ఈ ఆర్జనకు జీతపు చీటీ లేదు.

2022లో పరిచర్యను గురించి ప్రత్యేకముగా మరియొక సర్వే జరిగినది. పదునైదేండ్లకు పైబడినవారిలో 3 కోట్ల 17 లక్షల మంది తమ యింటనో, వేరొక యింటనో ఉన్న బిడ్డలకు, రోగులకు, అంగవైకల్యము గలవారికి, వృద్ధులకు పరిచర్య చేయుచున్నట్లు తేలినది. వారిలో నలుగురికి ముగ్గురు స్త్రీలు.

ఈ భారము స్త్రీకి ఎట్టి ఉద్యోగము దొరకునో కూడ నిర్ణయించుచున్నది. మెక్సికోలో ప్రాథమిక పాఠశాల చాలచోట్ల నాలుగున్నర గంటలు మాత్రము నడచును. పూర్తి దినపు పాఠశాలల పథకము 2007లో మొదలై 2022లో నిలిచిపోయినది. మధ్యాహ్నము పిల్లవాని కొరకు పాఠశాల వాకిట నిలువవలసిన తల్లి, సాయంకాలము వరకు ఉండు ఉద్యోగమును ఎట్లు ఒప్పుకొనును? అందుచేత పెక్కుమంది వీధి అంగడియో, ఇంట కుట్టుపనియో, అరపూట పనియో చూచుకొందురు. వేళ తమ చేతిలో నుండునను లాభముతో పాటు, బీమా లేకుండుట, సెలవు లేకుండుట, పింఛను లేకుండుట అను నష్టములు మూడును వెంట వచ్చును. దేశమున పనిచేయువారిలో సగమునకు మించి ఇట్టి అసంఘటిత వృత్తులలోనే యున్నారు.

వార్ధక్యపు గణితము

1970లో మెక్సికో ప్రజలలో అరువదేండ్లు దాటినవారు నూటికి ఆరుగురికి మించలేదు. 2020లో వారు నూటికి పన్నెండుగురు. మొత్తము 1 కోటి 51 లక్షలు. 1950 ప్రాంతమున ఏబదేండ్లకు లోపున్న సగటు ఆయుర్దాయము నేడు డెబ్బదియైదు ప్రాంతమున నున్నది. ఆయుష్షు పెరుగుట శుభమే. కాని మధుమేహము, హృద్రోగము మున్నగు దీర్ఘవ్యాధులును పెరిగినవి. ఇవి మనుష్యుని ఒక్కసారిగా తీసికొనిపోవు. సంవత్సరముల తరబడి మందులు, పథ్యము, వైద్యశాలకు ప్రయాణములు కోరుచుండును. కాలికి పుండైన వృద్ధునికి కట్టు కట్టుట, రక్తశుద్ధి చికిత్సకు వారమునకు రెండు మూడు మార్లు తీసికొనిపోవుట చిన్న పనులు కావు.

ఇచట గమనింపదగిన విశేషమొకటి కలదు. 1960 ప్రాంతమున మెక్సికో స్త్రీకి సగటున ఆరేడుగురు బిడ్డలు. నేటి వృద్ధులు ఆనాటి తలిదండ్రులే. అందువలన వారి పరిచర్యను పంచుకొనుటకు ఐదారుగురు సంతానమున్నారు. ఒకరు కాకున్న ఒకరు వత్తురు. కాని 2023 సర్వే ప్రకారము స్త్రీకి సగటు సంతానము 1.6 మాత్రమే. అనగా నేడు తల్లికి పరిచర్య చేయుచున్న ఏబదియేండ్ల స్త్రీకి అక్కచెల్లెండ్రు కలరు. రేపు ఆమె మంచము పట్టిననాడు ఆమె కుమార్తెకు తోడు ఎవరును ఉండకపోవచ్చును. పూర్వపు అధిక సంతానము మిగిల్చిపోయిన నిలువధనముతో నేటి కుటుంబములు కాలము గడుపుచున్నవి. ఆ నిలువ తరుగుచున్నది.

నేడైనను ఐదుగురు సంతానమున్నంత మాత్రమున భారము ఐదు భాగములు కాదు. ఒకడు అమెరికాలో నుండును, డాలర్లు పంపును. 2023లో విదేశములనుండి మెక్సికోకు బంధువులు పంపిన ధనము 6,300 కోట్ల డాలర్లు. ఒకడు మందుల ఖర్చు భరించును. ఒకడు ఆదివారము వచ్చి పలుకరించును. దగ్గరనున్న కుమార్తె, అందును అవివాహితయో, భర్త లేనిదో అయినచో, ఆమెయే అన్నియు చూచుకొనవలెను. సోదరులు ధనము నిత్తురు. సోదరి దేహము నిచ్చును. ధనము లెక్కకు వచ్చును గాని దేహశ్రమ లెక్కకు రాదు గనుక, ఆస్తి పంపకమునాడు ఆమెకు మాట దక్కుట అరుదు. సంతానము తలిదండ్రులను పోషింపవలెనని మెక్సికో పౌరస్మృతి విధించుచున్నది. ఆ విధి కుమారులకు, కుమార్తెలకు సమానమే. కాని పోషణ యనగా భోజనవ్యయమే కాదు, ప్రక్కన కూర్చుండు మనిషి కూడనని న్యాయస్థానమున నిరూపించుట ఎవరికి సాధ్యము?

మరియొక చిక్కు కలదు. వృద్ధురాలు ఎల్లప్పుడును సేవ పొందునది మాత్రమే కాదు. ఉద్యోగము చేయు కుమార్తె బిడ్డలను పెంచునది సాధారణముగ అమ్మమ్మయే. ఆమె ఉన్నందువలననే కుమార్తె పనికి వెళ్ళగల్గుచున్నది. అట్టి అమ్మమ్మ జారిపడి తుంటియెముక విరుగగొట్టుకొన్ననాడు, కుమార్తెకు ఒక్క దినముననే రెండు కష్టములు వచ్చును: బిడ్డలను చూచువారు లేకపోయిరి, చూడవలసినవారు ఒకరు పెరిగిరి. పెక్కు స్త్రీల ఉద్యోగము ఆనాటితో ముగియును.

రాజ్యము చేసినది, చేయనిది

మెక్సికో రాజ్యము ఈ విషయమున ఏమియు చేయలేదనుట న్యాయము కాదు. 1917 రాజ్యాంగములోని 123వ అధికరణము ప్రసవానంతరము వేతనముతో నొక నెల విశ్రాంతిని, బిడ్డకు పాలిచ్చుటకు దినమునకు రెండు విరామములను శ్రామిక స్త్రీకి ప్రసాదించినది. ఆ కాలమున ప్రపంచమున ఇట్టి రాజ్యాంగము అపూర్వము. నేడు ప్రసూతి సెలవు పండ్రెండు వారములు. తండ్రికి 2012 సవరణ ననుసరించి లభించు సెలవు ఐదు దినములు. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, బిడ్డ ఎవరి బాధ్యతయని చట్టము తలంచుచున్నదో తెలియును.

1943లో సాంఘిక భద్రతా సంస్థ ఏర్పడినది. 1973 చట్టము ద్వారా బీమా గల తల్లుల బిడ్డలకు, నలుబది మూడవ దినము నుండి నాలుగేండ్ల వరకు, శిశుపాలన గృహములను ఏర్పరచుట ఆ సంస్థ విధియైనది. ఇది మేలైన ఏర్పాటు. కాని ఇందు రెండు లోపములుండెను. మొదటిది, బీమా లేని అసంఘటిత స్త్రీకి ఇందు ప్రవేశము లేదు. రెండవది, బీమా గల తండ్రికి ఈ హక్కు లేదు. అతడు భార్య లేనివాడైననే అర్హుడు. ఒక తండ్రి వేసిన వ్యాజ్యమున అత్యున్నత న్యాయస్థానము 2016లో ఈ భేదము రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పినది. 2020లో చట్టము సవరింపబడి తండ్రులకును సమానమైన హక్కు కలిగినది. పైకి ఇది పురుషుల విజయముగా కాన్పించును. నిజమునకు, బిడ్డను చూచుట తల్లిపని యను ఊహను చట్టమునుండి తొలగించుటచే ఇది స్త్రీలకే ఎక్కువ మేలు చేసినది.

బీమా లేని తల్లుల కొరకు 2007లో మరియొక పథకము వచ్చినది. చిన్న చిన్న శిశుపాలన గృహములకు ప్రభుత్వము సాయము చేసెను. అట్టివి తొమ్మిదివేలకు పైగా ఏర్పడి సుమారు మూడు లక్షల బిడ్డలకు నీడ నిచ్చినవి. 2019లో నూతన ప్రభుత్వము, వాని నిర్వహణలో అక్రమములున్నవని చెప్పి, గృహములకు ఇచ్చు సాయమును మాని తలిదండ్రులకే నేరుగా రెండు నెలలకు 1,600 పెసోలు ఇయ్య నారంభించినది. ఆ ధనమును అమ్మమ్మకైన ఇచ్చుకొనవచ్చునని వాదించిరి. ఇచట ఒక సూక్ష్మము కలదు. ధనము వచ్చినది గాని, బిడ్డను దింపి పనికి పోవుటకు వీలైన గడప మాయమైనది. పరిచర్య మరల ఇంటిలోనికే, అనగా స్త్రీ యొద్దకే తిరిగి వచ్చినది.

వృద్ధుల విషయమునను ఇట్లే జరిగినది. 2001లో మెక్సికో నగరమున డెబ్బదేండ్లు నిండినవారికి నెలనెల ధనసహాయము ప్రారంభించిరి. అది క్రమముగా దేశమంతట వ్యాపించి, 2019లో సార్వజనికమైన పింఛనుగా మారినది. 2020లో రాజ్యాంగమున చోటు పొందినది. 2021లో అర్హత వయస్సు 65 ఏండ్లకు తగ్గింపబడినది. 2025లో ఈ పింఛను రెండు నెలలకు 6,200 పెసోలు. ఏ కాలమునను జీతము చూడని వృద్ధ స్త్రీలు తమ పేర వచ్చిన ధనమును మొదటిసారి చేత పట్టిరి. ఇంటిలో వారి మాటకు విలువ పెరిగినది. ఇది సామాన్యమైన మేలు కాదు. అయినను పింఛను ధనము నిచ్చును గాని చేయి నీయదు. మంచము పట్టిన మనిషిని ప్రక్కకు త్రిప్పుటకు, అన్నము తినిపించుటకు మనిషి కావలెను. పగటివేళ వృద్ధులను చూచు కేంద్రములు, ఇంటికి వచ్చు శిక్షితులైన పరిచారకులు అత్యల్పముగా నున్నంతకాలము ఆ మనిషి ఇంటి ఆడుది కాక తప్పదు.

పనిమనిషి యను కడపటి కొస

కలిగిన కుటుంబముల స్త్రీలు ఈ చిక్కును మరియొక విధముగ తీర్చుకొందురు: జీతమిచ్చి పనిమనిషిని పెట్టుకొందురు. మెక్సికోలో ఇండ్లలో పనిచేయువారు ఇరువది లక్షలకు పైగా కలరు; నూటికి తొంబది వంతులు స్త్రీలే. వహాకా మున్నగు దక్షిణ రాష్ట్రముల గిరిగ్రామములనుండి బాల్యముననే నగరములకు వచ్చినవారు వీరిలో ననేకులు. పరుల బిడ్డలను పెంచుటకు తమ బిడ్డలను, పరుల తల్లులకు సేవ చేయుటకు తమ తల్లులను ఊరిలో విడిచివచ్చిన స్త్రీల దుఃఖము ఈ ఏర్పాటునకు పునాది. అల్ఫోన్సో క్వారోన్ 2018లో నిర్మించిన రోమా చలనచిత్రము ఇట్టి పనిమనిషి జీవితమును లోకమునకు చూపినది.

ఇంత జరిగినను వారికి నిర్బంధ సాంఘిక భద్రత లేకుండెను. వహాకా నుండి పదునాలుగేండ్ల వయస్సున మెక్సికో నగరమునకు వచ్చి, ఇరువదేండ్లకు పైగా ఇండ్లలో పనిచేసిన మార్సెలీనా బౌతీస్తా 2000లో గృహోద్యోగినుల కొరకు ఒక సహాయ శిక్షణ కేంద్రమును స్థాపించినది. 2015లో వారి సంఘము ఏర్పడినది. 2018 డిసెంబరులో అత్యున్నత న్యాయస్థానము, పనిమనుషులను సాంఘిక భద్రతనుండి మినహాయించుట రాజ్యాంగవిరుద్ధమని నిర్ణయించినది. 2020లో మెక్సికో అంతర్జాతీయ కార్మిక సంస్థ వారి 189వ ఒడంబడికను ధ్రువపరచినది. 2022 సవరణతో బీమా నమోదు యజమానుల విధియైనది. అయినను నమోదైనవారు మొత్తములో స్వల్పభాగమే. నాలుగు గోడల మధ్య జరుగు ఉద్యోగమున చట్టమునకు ప్రవేశము కష్టము.

సేవ చేసినవారి వార్ధక్యము

ఈ సమస్తమునకు మూల్యము చెల్లించునది తుదకు పరిచర్య చేసిన స్త్రీయే. సాంఘిక భద్రతా సంస్థ పింఛను పొందుటకు 1997 నాటి చట్టము 1,250 వారముల చందాను కోరినది, అనగా ఇరువదినాలుగేండ్లు. 2020 సవరణ దానిని తాత్కాలికముగా 750 వారములకు తగ్గించి, ఏటేట పెంచుచు 2031 నాటికి 1,000 వారములుగా నిర్ణయించినది. ఒక స్త్రీ పదునైదేండ్లు కర్మాగారమున పనిచేసినదనుకొందము. ఆమె లెక్కలో 780 వారములు చేరును. అంతలో తండ్రికి పక్షవాతము వచ్చి ఆమె పని మానినది. తండ్రి సుదీర్ఘకాలము జీవించెను. ఆయన గతించునాటికి ఆమెకు మరల ఉద్యోగమిచ్చువారు లేరు. 2031 తరువాత ఆమె సంస్థ గడప తొక్కినచో 220 వారములు తక్కువయని సమాధానము వచ్చును. ఇన్ని సంవత్సరములు రాత్రింబవళ్లు చేసిన సేవ ఒక్క వారముగానైనను లెక్కింపబడదు.

2025లో ప్రారంభమైన స్త్రీల పింఛను ఈ అన్యాయమును కొంత గుర్తించినది. అరువది నుండి అరువదినాలుగేండ్ల స్త్రీలకు, వారి జీవితకాలపు గృహశ్రమకు గుర్తింపుగా, 2025లో రెండు నెలలకు 3,000 పెసోలు ఇచ్చిన పథకమిది. దేశమునకు మొదటి మహిళా అధ్యక్షురాలైన క్లౌదియా శైన్‌బామ్ 2024 అక్టోబరులో పదవి స్వీకరించిన తరువాత ఇది అమలునకు వచ్చినది. సొమ్ము స్వల్పము. కాని ఇంటిపనియు పనియేనని రాజ్యము ఒప్పుకొనుట స్వల్పము కాదు.

హక్కుగా పరిచర్య

ఇటీవల మెక్సికోలో ఈ చర్చ మరియొక మెట్టు ఎక్కినది. పరిచర్య కుటుంబపు దయ కాదు, పౌరుని హక్కు అను భావము చట్టములలో ప్రవేశించుచున్నది. 2017 నాటి మెక్సికో నగర రాజ్యాంగము ప్రతి వ్యక్తికిని పరిచర్య పొందు హక్కు కలదని చాటినది. 2020 నవంబరులో దేశ రాజ్యాంగమున ఇట్టి హక్కును, జాతీయ పరిచర్యా వ్యవస్థను చేర్చు సవరణను ప్రతినిధుల సభ ఆమోదించి సెనేటునకు పంపినది. 2023 అక్టోబరులో అత్యున్నత న్యాయస్థానము, పరిచర్య పొందుట, పరిచర్య చేయుట, తన్ను తాను చూచుకొనుట అను మూడును మానవహక్కులని తీర్పు చెప్పినది. పరిచర్య చేయువారు అదియే బ్రదుకుగా నలిగిపోరాదని దీని సారాంశము.

హక్కు కాగితముపై నున్నంత మాత్రమున ఫలింపదు. నగర పూర్వభాగముననున్న ఇస్తపలాపా పేటలో 2018 తరువాత నెలకొల్పిన ప్రజాకేంద్రములు ఆచరణమునకొక ఉదాహరణము. బట్టలుతుకు యంత్రశాలలు, చౌక భోజనశాలలు, వృద్ధులు పగలు గడుపు మందిరములు, వ్యాయామశాలలు ఒకే ఆవరణమున ఏర్పరచిరి. నీటి ఎద్దడికి పేరుపడిన ఆ పేటలో బట్టల మూట వెంట తెచ్చుకొన్న స్త్రీ, యంత్రము తిరుగుచున్నంతసేపు తన తల్లిని మందిరమున కూర్చుండబెట్టి తాను చదువుకొనుటకో, విశ్రమించుటకో వీలు కలిగినది.

ఇది పూర్వము తెపోస్త్లాన్‌కు వచ్చిన మొక్కజొన్న మరను జ్ఞప్తికి తెచ్చును. ఒక్క స్త్రీ మోకాళ్లపై నున్న రాయి ఊరుమ్మడి మరయైనపుడు, పురుషులు భయపడినట్లు కుటుంబము చెడలేదు, బాగుపడినది. అయితే మొక్కజొన్నకును మనిషికిని భేదము కలదు. పిండిని మర రుబ్బగలదు; వృద్ధుని చేయి పట్టుకొను పనిని ఏ మరయు చేయలేదు. అందుకు మనుష్యులే కావలెను. కావలసిన ఆ మనుష్యులలో సగము మంది, అనగా పురుషులు, 2019 సర్వే నాటికి పదునైదు గంటల దగ్గరనే నిలిచియుండిరి. రాజ్యము కేంద్రములను నిర్మించుట ఎంత అవసరమో, సోదరుడు సోదరితో సమానముగ రాత్రి మేలుకొనుటయు అంతే అవసరము.

మెక్సికో స్త్రీలు ఉద్యోగమును, గృహమును, వృద్ధసేవను సమన్వయము చేసికొనుచున్నారని చెప్పుట వాడుక. లెక్కలు చూచినవారికి అది సమన్వయము కాదని, ఒకరి నిద్రను, ఆరోగ్యమును, వార్ధక్యమును తాకట్టు పెట్టి తక్కినవారు కాలము గడుపుటయని తోచును. తాకట్టు విడిపించు గడువు సమీపించుచున్నది. ఆరుగురు అక్కచెల్లెండ్రు, అన్నదమ్ములు గల తరము కడచి, ఒక్కతెయే కుమార్తె గల తరము వచ్చునాటికి, చేయి కలుపువారు ఇంటిలోను, ఇంటి వెలుపలను సిద్ధముగా నుండవలెను. మే 10వ తేదీన తల్లికి పూలదండ నిచ్చు దేశము, తక్కిన దినములలో ఆ తల్లి పనిలో పాలు పంచుకొన్ననాడే ఆమెకు నిజమైన గౌరవము కలుగును.